బొంతలు ఆలస్యంగానే చేరాలి

2024 సెప్టెంబరు 26 రాత్రి హెలీన్ తుఫాను ఫ్లోరిడాలో పెర్రీ అనే ఊరి దగ్గర తీరం దాటింది. నార్త్ కరోలినాలో మేముండే షార్లెట్ నగరానికి ఆ తీరం చాలా దూరం. మా వీధిలో రెండు చెట్లు పడ్డాయి, ఒకటిన్నర రోజు కరెంటు పోయింది. అంతటితో గండం గడిచిందనుకున్నాం. మా రాష్ట్రంలోనే సముద్రానికి వందల మైళ్ళ లోపల, కొండల మధ్య ఉన్న ఆష్‌విల్‌ని తుఫాను ముంచుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. నాకైతే అసలే తట్టలేదు. మాది ముమ్మిడివరం పక్క పల్లె. 1996 నవంబరు తుఫాను రాత్రి మా పెంకుటింట్లో మంచం కింద ముడుచుకుని కూర్చున్నప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాకు తెలిసిన తుఫాను సముద్రం వైపు నుంచి వస్తుంది. కొండ మీంచి దిగి రాదు.

ఇది కొండ మీంచే దిగింది. అంతకు ముందు నుంచే అక్కడ వాన పడుతూ ఉంది, నేల నానిపోయి ఉంది. దాని మీద హెలీన్ కురిసింది. బ్యూసిక్ అనే చోట వాన 30 అంగుళాలు దాటింది. ఫ్రెంచ్ బ్రాడ్ నది ఆష్‌విల్ దగ్గర 24 అడుగులు దాటి 1916 నాటి వరద గుర్తుని ముంచేసింది. దాని ఉపనది స్వానానోవా 26 అడుగులకెక్కింది. ఒక్క నార్త్ కరోలినాలోనే వందమందికి పైగా పోయారు. రోడ్లు తెగిన పల్లెలకి మందులూ సామానూ కంచరగాడిదల మీద వేసి పంపారు. మాకు దగ్గర్లోని కాంకర్డ్ విమానాశ్రయం నుంచి సొంత విమానాలూ హెలికాప్టర్లూ ఉన్నవాళ్ళు రోజంతా పెట్టెలు మోశారు.

మాదొక చిన్న కుట్టు బృందం. పద్నాలుగు మందిమి. తొమ్మిది మంది ఉద్యోగాలు చేసి రిటైరైన అమెరికన్ ఆడవాళ్ళు, అయిదుగురం తెలుగువాళ్ళం. వాళ్ళు క్విల్ట్ అంటారు, మేం బొంత అంటాం. వాళ్ళు కొత్త గుడ్డ కొని ముక్కలు చేసి కుడతారు, మేం చిన్నప్పుడు చూసినది పాత చీరలు పొరలుగా పరిచి కుట్టడం. అంతకు మించి తేడా లేదు. ఆ ఆదివారం అందరం ఒకరింట్లో కలిశాం. ఎవరింట్లో ఏముంటే అది తెచ్చారు. పూర్తైన బొంతలు పదకొండు, ఊలు టోపీలు ఒక సంచెడు, పిల్లల బట్టలు, మా వాళ్ళు తెచ్చిన దుప్పట్లు, స్వెట్టర్లు. రెండు కార్లు నిండాయి. మాకు అప్పుడు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

బుధవారం ఆష్‌విల్ వైపు బయల్దేరాం. రెండు గంటల దారి నాలుగు గంటలు పట్టింది. సామాను దింపుకునే చోట ఒకావిడ ఎదురొచ్చింది. నాలుగు రోజులుగా తల దువ్వుకున్నట్టు లేదు. కార్లలోకి తొంగి చూసి, నా చెయ్యి పట్టుకుని, పక్కనున్న బడి వ్యాయామశాలలోకి తీసుకెళ్ళింది. లోపల బాస్కెట్‌బాల్ కోర్టు కనపడటం లేదు. ఈ గోడ నుంచి ఆ గోడకి బట్టలే. నల్ల సంచులు, చిరిగిన సంచులు, సంచుల్లోంచి జారిన పెళ్ళి గౌన్లు, హీల్స్ చెప్పులు. "మీ మంచి మనసు నాకు తెలుసు. కానీ ఇవి సర్దడానికి ఇరవై మంది కావాలి. ఆ ఇరవై మంది ఇప్పుడు ఇళ్ళలోంచి బురద ఎత్తాలి" అంది. మరి ఏం కావాలని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టింది: మందపాటి చెత్త సంచులు, తోలు చేతొడుగులు, బ్లీచ్, ప్రొపేన్ సిలిండర్లు, పసిపిల్లల పాలడబ్బాలు, డబ్బు. బొంత ఆ లెక్కలో లేదు.

మేం బొంతలతోనే వెనక్కి వచ్చాం. ఆ రాత్రి దారిలో కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నాకు 1996 గుర్తొచ్చింది. తుఫాను వెలిసిన నాలుగైదు రోజులకి ఎవరో లారీలో వచ్చి మా పల్లె సెంటర్లో బట్టల మూటలు విసిరి వెళ్ళారు. జనం ఎగబడ్డారు. మా ఇంటికి దక్కినవి మూడు ఊలు స్వెట్టర్లు, ఒక కోటు. కోనసీమలో, ఆ ఉక్కలో, కోటు! మా మామ్మ ఏమీ అనలేదు. కత్తిపీట ముందు కూర్చుని వాటిని నిలువునా కోసి, తుఫానులో తడిసి మరకలు పడ్డ తన చీరల మధ్య పొరలుగా పరిచి, పెద్ద సూదితో బొంత కుట్టింది. ఆ బొంత మీద నేను ఇంటర్ దాకా పడుకున్నాను. పనికిరాని సాయం కూడా ఆవిడ చేతిలో పడితే పనికొచ్చింది. కానీ ఆ పని ఆవిడ నెత్తిన పెట్టినవాళ్ళు ఆ సంగతి ఏనాడూ తెలుసుకోలేదు. ఇప్పుడు లారీ మీద ఉన్నది మేము.

ఇది మా ఒక్కరి తప్పు కాదు. 2012లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్ బడిలో కాల్పులు జరిగాక ముప్ఫై వేల జనాభా కూడా లేని ఆ ఊరికి దాదాపు 65,000 టెడ్డీ బొమ్మలు వచ్చి పడ్డాయి. 1998లో మిచ్ హరికేన్ తర్వాత హోండురాస్‌లో రన్‌వే మీద పేరుకున్న బట్టల వల్ల సాయం మోసుకొచ్చిన విమానమే దిగలేకపోయిందని ఆ పనిలో ఉన్న అమెరికా అధికారి ఒకామె చెప్పారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన పాత బట్టలు కుప్పలుగా పడి ఉంటే, గూంజ్ సంస్థ వాటిని ఏరి, వేరుచేసి, వాడకంలోకి తెచ్చే పని నెత్తికెత్తుకోవలసి వచ్చింది. కష్టం చూసి కడుపు తరుక్కుపోయినప్పుడు చెయ్యి ముందు అలమారలోకే వెళ్తుంది. చేతిపని తెలిసినవాళ్ళకి సూది మీదికి వెళ్తుంది. అది మంచితనమే, కానీ ఆ మంచితనానికి ఎదుటివాళ్ళ అవసరం ఏమిటో తెలియదు.

హైదరాబాద్‌లో మా తమ్ముడికి ఫోన్‌లో ఇదంతా చెప్పాను. వాడు లెక్కల మనిషి. "ఒక్క బొంతకి ఎన్ని గంటలు పడుతుందక్కా?" అన్నాడు. నలభై దాకా అన్నాను. "గంటకి ఇరవై డాలర్లు వేసుకున్నా ఎనిమిది వందలు. కొట్టులో దుప్పటి ఇరవై డాలర్లకొస్తుంది. ఆ నలభై గంటలూ ఇంకేదైనా పని చేసి ఎనిమిది వందలు పంపితే నలభై కుటుంబాలకి దుప్పట్లు. నువ్వు కుట్టేది వాళ్ళ కోసమా, నీ కోసమా?"

ఆ మాట గుచ్చుకుంది. నెలల తరబడి దాని మీదే ఆలోచించాను. వాడు చెప్పినదాంట్లో సగం నిజం. మొదటి రెండు వారాల్లో డబ్బుని మించిన సాయం లేదు. ఆ ఊళ్ళో ఏ కొట్టు తెరిచి ఉంది, ఏ సరుకు అయిపోయింది అన్నది అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. డబ్బుకి లారీ అక్కర్లేదు, సర్దేవాళ్ళు అక్కర్లేదు, అక్కడి కొట్టువాడూ బతుకుతాడు. ఈ విషయంలో నాకిక సందేహం లేదు.

మిగతా సగంతో మాత్రం నేను ఒప్పుకోను. ఆ నలభై గంటలు నాకు ఎవరూ ఇరవై డాలర్లకి కొనేవి కావు. అవి గిన్నెలు తోమాక, పిల్లలు పడుకున్నాక మిగిలిన రాత్రులు. మా బృందంలో డెబ్భై ఆరేళ్ళ ఒకావిడ ఉంది, ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ పింఛను డబ్బుతో నెల గడుపుతుంది. ఆవిడ దగ్గర ఎనిమిది వందలు ఎప్పటికీ ఉండవు. ఉన్నవి రెండు చేతులు, యాభై ఏళ్ళ అనుభవం. ఆవిడని "డబ్బు పంపండి" అంటే, నీ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు అన్నట్టే. చేతిపనితో ఆవిడ ఇవ్వగలదు. కాకపోతే ఏం ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి అన్నది ఆవిడా నేనూ నిర్ణయించేది కాదు, అక్కడివాళ్ళు చెప్పాలి.

కాబట్టి మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి అడిగి. వెనక్కి తెచ్చిన పదకొండు బొంతల్లో మూడు మంచివి ఎంచి లక్కీ డ్రాకి పెట్టాం. టికెట్ అయిదు డాలర్లు. దీపావళి సంబరం దగ్గర మా తెలుగువాళ్ళు ఒక బల్ల వేసుకున్నారు, అమెరికన్ స్నేహితులు వాళ్ళ చర్చి బయట వేసుకున్నారు. కొట్టులో ఇరవై డాలర్ల దుప్పటికి ఎవరూ టికెట్ కొనరు. బొంతకి కొన్నారు. ఒక్కొక్క బొంత మీద కొట్టు దుప్పట్లు ఎన్నో వచ్చేంత డబ్బు పోగైంది. మా తమ్ముడి లెక్క ఇక్కడే తిరగబడింది. ఆ డబ్బు మేం నేరుగా పంపేశాం. మిగిలిన ఎనిమిది బొంతలు అలమారలో మడిచి పెట్టాం.

ఎవరికి పంపాలన్న దగ్గర మాలో మాకే మాటలు పెరిగాయి. నేను వరదలో పనిముట్లు పోయిన చేతివృత్తులవాళ్ళకి కూడా కొంత వెళ్ళాలన్నాను. "మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, నువ్వు కుండలు చేసేవాళ్ళ చక్రాల గురించి మాట్లాడుతున్నావా" అంది మాలో ఒకామె. తప్పుగా అనలేదు. కానీ ఆ కొండల్లో చేతిపని సరదా కాదు, కూడు. ఆష్‌విల్‌లో ఫ్రెంచ్ బ్రాడ్ ఒడ్డున రివర్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ అని పాత గిడ్డంగులు, మిల్లులు ఉన్న పేట ఉంది. వందల మంది కుమ్మరులు, గాజుపనివాళ్ళు, నేతవాళ్ళు, చిత్రకారులు అక్కడ పనిచేసుకునేవాళ్ళు. ఆ పేటలో అత్యధిక భాగం నీటిపాలైంది. అదీ ఎప్పుడు? అక్టోబరు ముందు. అక్టోబరులో ఆ కొండల ఆకులు ఎరుపూ పసుపూ తిరుగుతాయి, వాటిని చూడటానికి దేశం నలుమూలల నుంచీ జనం వస్తారు, ఆ జనమే కుండలూ శాలువాలూ కొంటారు. ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ నెలల్లోనే. కోతకొచ్చిన చేను మీద వాన పడటం అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ కొండల్లో చేతిపని నిలబడిన తీరు కూడా ఆమెకి చెప్పాను. 1890ల్లో ఫ్రాన్సిస్ గుడ్రిచ్ అనే క్రైస్తవ ప్రచారకురాలు అక్కడికొచ్చింది. పక్కింటావిడ ఆమెకి నలభై ఏళ్ళ నాటి నేత దుప్పటి ఒకటి బహుమతిగా ఇచ్చింది, లేత రంగు నేల మీద చెట్టు బెరడు రంగు వేసిన గోధుమ వన్నె పోగులతో. అప్పటికి ఆ నేత దాదాపు మరుగున పడింది. గుడ్రిచ్ ఆ దుప్పటి చూసి, ఈ ఆడవాళ్ళకి దానధర్మం కాదు కావలసింది, మగ్గం మళ్ళీ కదలాలి, నేసింది కొనేవాళ్ళు దొరకాలి అనుకుంది. 1908లో ఆష్‌విల్‌లో అంగడి పెట్టింది. తర్వాత దాన్ని 1930లో పుట్టిన చేతిపనివాళ్ళ సంఘానికి అప్పగించింది. అదే ఇప్పటి సదరన్ హైలాండ్ క్రాఫ్ట్ గిల్డ్. చేతిపనివాళ్ళ కోసం చేతిపనివాళ్ళే జోలె పట్టిన కథ ఇంకొకటి ఉంది. సంతల్లో బల్లలు వేసుకునే కుమ్మరులూ నేతవాళ్ళూ తమలో ఒకరి బట్టీ కాలిపోతేనో ఒకరికి జబ్బు చేస్తేనో అక్కడికక్కడ డబ్బులు పోగుచేసి ఇచ్చుకునేవాళ్ళు. అదే 1985లో ఒక నిధిగా మారి ఇవాళ సెర్ఫ్ ప్లస్ పేరుతో నడుస్తోంది. హెలీన్ తర్వాత ఎంతో మంది చేతిపనివాళ్ళు ఆ తలుపే తట్టారు. మా డబ్బులో సగం ఇళ్ళు పోయినవాళ్ళకి, సగం పనిముట్లు పోయినవాళ్ళకి అని చివరికి తేలింది. మాట అన్న ఆమే మొదటి చెక్కు రాసింది.

నేను అంత పట్టుపట్టడానికి నా కారణం వేరే ఉంది. 1996కి ముందు మా వీధి ఆడవాళ్ళు కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాడు పేనేవాళ్ళు. సాయంత్రం అరుగుల మీద పేనుతూ కబుర్లు చెప్పుకునేవాళ్ళు. తుఫాను ఒక్క రాత్రిలో తోటలకి తోటలు పడేసింది. బియ్యం ఇచ్చారు, కిరసనాయిలు ఇచ్చారు, కాదనను. కానీ కాయ లేకపోతే పీచు లేదు, పీచు లేకపోతే తాడు లేదు. కొత్త మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్ళు. ఆ అయిదారేళ్ళూ ఆ అరుగులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేతులతో కూర్చోవడం ఎలా ఉంటుందో మా పిన్ని మొహంలో చూశాను. పక్క వీధిలో ఎవరింటికైనా పనికి వెళ్తానని ఆమె అడిగిన రోజు మామ్మ ఏడ్చింది.

నవంబరులో ఒక నేతావిడ దగ్గరికి మమ్మల్ని పంపారు. అరవై దాటిన మనిషి. ఇంటి వెనక చిన్న షెడ్డులో మగ్గం. మనవైపు గుంట మగ్గం కాదు, మేపుల్ చెక్కతో చేసి నేల మీద నిలబెట్టిన పెద్ద మగ్గం. చీరాల, వేటపాలెం వైపు వానకి గుంటల్లోకి నీళ్ళు దిగి నేత ఆగిపోవడం విన్నాను గానీ, నిలువెత్తు మగ్గం మెడ దాకా మునిగిన ఆనవాలు అప్పుడే చూశాను. నది బురద నుసిలా ప్రతి సందులోకీ దూరి ఎండిపోయింది. ఆ బురదలో డీజిలు, మురుగు కలిసి ఉంటాయని అందరికీ మాస్కులు ఇచ్చింది. మగ్గం మీద సగం నేసిన శాలువా ఉంది, పోగులు బూజుపట్టి ఉన్నాయి. పడుగు కోయడానికి ఆవిడ మాకెవరికీ కత్తెర ఇవ్వలేదు. తనే కోసింది. ఒక్కొక్క గుత్తి కోసినప్పుడల్లా పోగులు తెగిన చప్పుడు, తర్వాత ఆవిడ ఊపిరి.

ఆ తర్వాత మా పని. పడుగు పోగుల్ని విడదీసి పట్టే దువ్వెన లాంటి ఉక్కు అచ్చు తుప్పెక్కింది. దాని పళ్ళ మధ్య బురద తీయడానికి నేనూ ఇంకొకామె పళ్ళు తోముకునే బ్రష్షులు పట్టుకుని రెండు పూటలు కూర్చున్నాం. పంటికీ పంటికీ మధ్య సందు వెంట్రుకంత. కడగాలి, తుడవాలి, నూనె రాయాలి. చెక్కని ఎండలో పెట్టకూడదు, నీడలో నిదానంగా ఆరాలి, లేకపోతే వంకర పోతుంది. ఆవిడ ప్రతి ముక్కనీ చేత్తో నిమిరి చూసి ఇది ఉంటుంది, ఇది ఉండదు అని చెప్పింది. నాడె ఒకటి తన అమ్మదట. అది పగిలింది. దాన్ని పారేయలేదు, కిటికీ మీద పెట్టింది.

2018 కేరళ వరద గురించి ఆ రోజు ఆవిడకి చెప్పాను. ఎర్నాకుళం జిల్లా చేందమంగలంలో నేతవాళ్ళు ఓణం అమ్మకాల కోసం నేసి పెట్టుకున్న చీరలన్నీ బురదలో మునిగాయి. అక్కడా అమ్మకాల కాలం ముందే. లక్ష్మీ మేనన్, గోపీనాథ్ పరయిల్ అనే ఇద్దరు ఆ పాడైన చీరలు తీసుకుని, ఉతికి, శుభ్రం చేసి, చిన్న చిన్న గుడ్డ బొమ్మలు చేయించారు. వాటి పేరు చేక్కుట్టి. పదమూడు వందల రూపాయల చీర నుంచి 360 బొమ్మలు, ఒక్కొక్కటి 25 రూపాయలు, అంటే తొమ్మిది వేలు. కుట్టింది వేర్వేరు ఊళ్ళలోని స్వచ్ఛంద కార్యకర్తలు, డబ్బు వెళ్ళింది నేతవాళ్ళకి. నేతావిడ ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. "బురద మరక ఉంచారా?" అని అడిగింది. ఉంచారు, బొమ్మ మీద మరక ఉంటుంది అన్నాను. చాలాసేపు తల ఊపింది.

ఆ రోజు తిరిగొస్తుండగా నాకు ఒక విషయం తెలిసొచ్చింది, మా తమ్ముడికి నా అసలు జవాబు కూడా అదే. తుఫాను వచ్చిన పది రోజుల్లో అన్నీ వచ్చి పడతాయి. నెల తిరిగేసరికి కెమెరాలు వెళ్ళిపోతాయి. ఆష్‌విల్ కుళాయి నీళ్ళు తాగొచ్చని ప్రకటించింది నవంబరు 18న, 53 రోజుల తర్వాత. అప్పటికి లారీలు రావడం ఎప్పుడో తగ్గిపోయింది. కొండల్లో చలి ముదిరింది. జనం ఇంకా చుట్టాలిళ్ళలో, క్యాంపర్లనే చక్రాల ఇళ్ళలో, కొందరు గుడారాల్లో ఉన్నారు. సర్వం పోయినవాడికి మొదటి వారం దుప్పటి ఏదైనా ఒకటే. నాలుగో నెలలో, గోడలు లేని గదికి మళ్ళీ గోడలు వచ్చి, మంచం వచ్చి, ఆ మంచం మీద వేసుకోవడానికి తనదంటూ ఏదీ లేనప్పుడు, బొంతకి అర్థం ఉంటుంది. చేతిపని నెమ్మది. కోలుకోవడం కూడా నెమ్మదే. మా నలభై గంటలు వృథా కావడానికి కారణం ఒక్కటే, మేం వాటిని మొదటి వారంలో తీసుకెళ్ళడం.

అందుకే ఇప్పుడు మా పద్ధతి మారింది. జనవరి నుంచి ఆగస్టు దాకా, పోగొట్టుకున్న ఇంట్లోకి తిరిగి వెళ్తున్న కుటుంబానికే బొంత. పేరు, మంచం కొలత, ఇష్టమైన రంగు ముందు అడిగి కుడతాం. మొత్తం బొంత ఒక్కరివల్ల కాదని జంకే కొత్తవాళ్ళకి, 1991లో ఎవీ రోజెన్ అనే ఆవిడ విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన పద్ధతి చూపిస్తున్నాను. ఆమె ఒక్కొక్కరినీ ఏడంగుళాల వెడల్పు, తొమ్మిదంగుళాల పొడవున్న అల్లిక ముక్క మాత్రం చేయమంది. 49 ముక్కలు కలిపితే ఒక దుప్పటి. మా అపార్టుమెంట్లలో ఉండే తెలుగు అమ్మమ్మలు, ఆరునెలల వీసా మీద వచ్చి సాయంత్రం దాకా పిల్లల కోసం ఎదురు చూస్తూ కూర్చునేవాళ్ళు, ఈ ముక్కలు ఎంత చకచకా అల్లుతారో చూడాలి. ఇండియాకి వెళ్ళేలోపు ఒకావిడ ముప్ఫై ఇచ్చి వెళ్ళింది.

పొరపాట్లు ఇంకా జరుగుతున్నాయి. ఫిబ్రవరిలో ఒక కుటుంబానికి కొలత తప్పి చిన్న బొంత వెళ్ళింది, మళ్ళీ కుట్టాం. ఇంకొకరు వద్దన్నారు, మా ఇంట్లో ఇంక ఎవరి దయా వద్దు అన్నారు. ఆ మాట కూడా వినాల్సిందే. బొంత వెనక్కి తెచ్చుకుని, ఇంకేమైనా పని ఉంటే చెప్పండని అడిగితే, కంచె వేయడానికి ఇద్దరు కావాలన్నారు. మా బృందంలో ఇద్దరి భర్తలు వెళ్ళి వేశారు.

మార్చిలో నేతావిడ దగ్గరికి అలమారలో మడిచిపెట్టిన బొంతల్లోంచి ఒకటి తీసుకెళ్ళాను. మామ్మ పద్ధతిలో పాత చీరలతో కుట్టినది. ఆవిడ ముందు వైపు చూడలేదు. చేతిపని తెలిసిన అందరిలాగే మొదట తిరగేసి వెనకవైపు చూసింది. వరసల మీద వేలు పెట్టి నడిపించింది. ఈ కుట్టు పేరేమిటని అడిగింది. మా ఊళ్ళో దీనికి పేరు లేదు, కుట్టు అంటాం అన్నాను. సూది తెచ్చుకుని నా పక్కన కూర్చుంది, చూపించమంది. చూపించాను. ఆవిడ వేసిన మొదటి వరసలో దారం లావైపోయింది. ఏమీ అనకుండా విప్పేసి, సన్నటి దారం వెతుక్కోవడానికి షెడ్డులోకి వెళ్ళింది. అక్కడ మగ్గం మీద కొత్త పడుగు ఎక్కి ఉంది, ఇంకా నేత మొదలుపెట్టలేదు.